పక్క ఊరితో పోటీపడి బేస్‌బాల్ టీమ్ తెస్తామంటున్నారా? సరే అనే ముందు ఇవి చూడండి

అమెరికాలో ఓ మోస్తరు ఊళ్లో ఇల్లు కొనుక్కుని ఏటా ప్రాపర్టీ టాక్స్ కడుతున్న మనవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ వార్త తగులుతుంది. మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది మెట్టు) బేస్‌బాల్ టీమ్ ఒకటి మన ఊరికి రావచ్చట, దానికి కొత్త స్టేడియం కట్టాలట, తొందరగా తేల్చకపోతే పక్క ఊరు ఎగరేసుకుపోతుందట. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు తయారు. ఇళ్ల రేట్లు పెరుగుతాయని ఒకరు, టాక్స్ పెరుగుతుందని ఇంకొకరు, కాగితాలు మాత్రం ఎవరూ చదివి ఉండరు. ఏ కాగితాలు అడగాలో, వాటిలో ఏం వెతకాలో చెప్తాను.

ముందు అవతలి మనిషి, అంటే టీమ్ ఓనర్, వ్యాపారం ఏమిటో అర్థం చేసుకోండి. మైనర్ లీగ్ టీమ్‌లో ఆటగాళ్లకు, కోచ్‌లకు జీతాలిచ్చేది పైనున్న మేజర్ లీగ్ టీమ్. లోకల్ ఓనర్‌కు వచ్చేది టికెట్లు, బీరు, హాట్‌డాగ్‌లు, పార్కింగ్, గోడల మీద ప్రకటనల డబ్బు. అంటే ఆట బాగుందా లేదా అన్నదానికంటే స్టేడియం కొత్తదా కాదా, దాని ఖర్చు ఎవరిది అన్నదే ఆయన లాభాన్ని తేలుస్తుంది. పైగా 2021 సీజన్ నుంచి మేజర్ లీగ్ వాళ్లు ఇలాంటి టీమ్‌లను 160 నుంచి 120కి తగ్గించి, స్టేడియాలకు కొత్త ప్రమాణాలు పెట్టారు. టీమ్‌లు తక్కువ, కావాలనుకునే ఊళ్లు ఎక్కువ. పెళ్లిచూపుల్లో మగపెళ్లివారు "వేరే సంబంధం వాళ్లు ఇంకాస్త ఎక్కువే ఇస్తామంటున్నారు" అంటే ఆ రెండో సంబంధం ఉందో లేదో మనకు తెలియదు కదా, ఇక్కడా అంతే. అందుకే మొదటి పని, పక్క ఊరు నిజంగా ఏమిస్తానందో చూడటం. వాళ్ల కౌన్సిల్ ఎజెండాలు, మినిట్స్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. అందులో స్టేడియం ఊసే లేకపోతే ఆ పోటీ మాటలకే పరిమితమని అర్థం.

రెండోది, టీమ్ ఎంత దూరం నుంచి వస్తోందో మ్యాప్ తీసి చూడండి. దీనికి కనెటికట్ కథ ఒక్కటి చాలు. 1973 నుంచి 1982 దాకా బ్రిస్టల్‌లో ఆడిన టీమ్‌ను 1983లో పక్కనే ఉన్న న్యూ బ్రిటన్ తెచ్చుకుంది. 1996లో దానికి కొత్త స్టేడియం కూడా కట్టింది. 2014 జూన్‌లో హార్ట్‌ఫర్డ్ మేయర్ ఆ టీమ్ తమ ఊరికి వస్తోందని ప్రకటించారు. న్యూ బ్రిటన్ నుంచి హార్ట్‌ఫర్డ్‌కు పది మైళ్లు కూడా సరిగ్గా ఉండదు, మూడు ఊళ్లూ ఒకే కౌంటీ. ట్రావెలర్స్, ఏట్నా లాంటి ఇన్సూరెన్స్ కంపెనీల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కలే చాలా ఉన్నాయి, వాళ్లలో ఎవరినడిగినా చెప్తారు, శనివారం పిల్లల్ని తీసుకుని న్యూ బ్రిటన్ వెళ్లేవాళ్లు ఇప్పుడు హార్ట్‌ఫర్డ్ వెళ్తారు, అంతే తేడా. ఖర్చు పెట్టేది అదే జేబు. సేల్స్ టాక్స్ వెళ్లేది అదే రాష్ట్రానికి. ఊరి లెక్కలో పెరిగినట్టు కనిపించేది ప్రాంతం లెక్కలో సున్నా దగ్గరే ఆగుతుంది. కాబట్టి కన్సల్టెంట్ రిపోర్టులో "ఆర్థిక ప్రభావం ఇన్ని మిలియన్లు" అని రాస్తే ఒక్కటే అడగండి: ఇందులో ఇప్పటికే ఇక్కడి రెస్టారెంట్లలో, సినిమా హాళ్లలో, బౌలింగ్ ఆలీల్లో ఖర్చవుతున్న డబ్బు ఎంత తీసేశారు? రిపోర్టుకు డబ్బిచ్చింది ఎవరో కూడా అడగండి. తరచుగా అది స్టేడియం కావాలనుకునే వాళ్లే.

రోజుల లెక్క చేత్తో వేసుకోవచ్చు. డబుల్-ఏ (మైనర్ లీగ్‌లో పైనుంచి రెండో మెట్టు) టీమ్‌కు సీజన్‌లో 138 ఆటలు, అందులో సొంత ఊళ్లో 69. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు అవి అయిపోతే మిగతా దాదాపు 300 రోజులు ఆ గేట్లు దేనికి తెరుస్తారు? "కచేరీలు, ఈవెంట్లు" అని స్లైడ్‌లో రాస్తారు. ఎన్ని, ఎవరు నిర్వహిస్తారు, వచ్చిన డబ్బు ఊరికా ఓనర్‌కా అని స్టేడియం వాడకానికి ఊరు, టీమ్ రాసుకునే లీజులో రాశారా లేదా చూడండి.

ఇక ఖర్చు. దీని మీదే మీ టైమ్ ఎక్కువ పెట్టండి, ఎందుకంటే మీ బిల్లు మీద పడేది ఇదే. హార్ట్‌ఫర్డ్ స్టేడియానికి అనుకున్నది 56 మిలియన్ డాలర్లు, చివరికి తేలింది 70 మిలియన్ల పైమాట. 2016 ఏప్రిల్‌కు తయారవ్వాల్సింది కాలేదు, యార్డ్ గోట్స్ అని కొత్త పేరు పెట్టుకున్న టీమ్ ఆ సీజన్ మొత్తం పరాయి ఊళ్లలోనే ఆడింది. ఆ జూన్‌లో కొత్త మేయర్ డెవలపర్‌ను తీసేశారు, తర్వాత ఏళ్ల తరబడి కోర్టు. స్టేడియం తెరుచుకుంది 2017 ఏప్రిల్‌లో. ఆ ఏడాదే హార్ట్‌ఫర్డ్ దివాలా అంచుకు వెళ్లింది, 2018లో రాష్ట్రం దాదాపు 550 మిలియన్ల అప్పు తన నెత్తిన వేసుకుంది. ఆ దివాలా ముప్పు స్టేడియం వల్ల వచ్చింది కాదు, అది పాత పెన్షన్ల, అప్పుల రోగం, ఆ నింద బేస్‌బాల్ మీద వేస్తే అన్యాయం. కానీ అంత కటకటలో ఉన్న ఊరు పక్క ఊరి టీమ్ కోసం బాండ్ల మీద కొత్త అప్పు ఎందుకు ఎత్తిందన్న ప్రశ్న మాత్రం ప్రశ్నే.

అప్పు ఎలా తీరుస్తారంటే అందరూ చెప్పే జవాబు ఒకటుంది: స్టేడియం చుట్టూ అపార్ట్‌మెంట్లు, హోటళ్లు వస్తాయి, వాటి మీద వచ్చే అదనపు టాక్స్‌తోనే కట్టేస్తాం, మీ మీద పైసా పడదు. వినడానికి బావుంటుంది. మరి ఆ బిల్డింగులు లేటైతే? హార్ట్‌ఫర్డ్‌లో కోర్టు గొడవ వల్ల చుట్టుపక్కల స్థలాలు ఏళ్ల పాటు ఖాళీగా పడున్నాయి, బాండ్ల వాయిదాలు మాత్రం ఆగలేదు. అందుకని కాగితంలో వెతకాల్సిన వాక్యం ఇది: అదనపు టాక్స్ చాలకపోతే తేడా ఎవరు కడతారు? "జనరల్ ఫండ్" (మన టాక్సులతో నడిచే ఊరి మామూలు ఖజానా) అని ఉంటే అది మీరే. బిల్డింగులు కట్టే డెవలపర్ సంతకం ఇప్పటికే ఉందా, గడువు దాటితే జరిమానా ఉందా, కట్టడం ఖర్చు పెరిగితే ఎవరి మీద పడుతుంది, ఈ మూడూ ఓటింగ్‌కు ముందే తేలాలి, తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

మాసచూసెట్స్‌లో వూస్టర్ ఇదే దారి పట్టింది. రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ నుంచి బోస్టన్ మేజర్ లీగ్ టీమ్ రెడ్ సాక్స్ వాళ్ల ట్రిపుల్-ఏ (మైనర్ లీగ్‌లో అన్నిటికంటే పై మెట్టు) టీమ్‌ను తెస్తున్నట్టు 2018 ఆగస్టులో ప్రకటించింది. 100 మిలియన్లలోపే అనుకున్న పోలార్ పార్క్ 2021లో తెరిచేసరికి ఖర్చు 160 మిలియన్ల దగ్గరకు చేరింది. తమాషా ఏంటంటే, స్టేడియాలకు ప్రజాధనం దండగ అని దేశమంతా తిరిగి చెప్పే ఆర్థికవేత్తల్లో ఒకరైన విక్టర్ మాథెసన్ పాఠాలు చెప్పేది ఆ ఊళ్లోని హోలీ క్రాస్ కాలేజీలోనే. ఊరు మాత్రం అదే రంగంలో పేరున్న ఆండ్రూ జింబలిస్ట్‌ను సలహాదారుగా పెట్టుకుంది. కాబట్టి మీ కౌన్సిల్ ఒక నిపుణుడి పేరు చెప్తే, కాదన్న నిపుణుడు ఏమన్నాడో కూడా చదవండి.

పాటకెట్ సంగతి ఓడిన ఊరిగా చూడాలి. 1942 నాటి మెకాయ్ స్టేడియం, 1981లో మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో అయిపోవాల్సిన ఆట 33 ఇన్నింగ్స్ సాగిన చోటు, ఇప్పుడు లేదు, ఆ స్థలాన్ని కొత్త హైస్కూలుకు ఇచ్చారు. నన్నడిగితే అంత చెడ్డ వాడకం కాదు. అయితే టీమ్ పోయిందన్న వెలితిలో ఆ ఊరు ప్రభుత్వ బాండ్ల సాయంతో సాకర్ స్టేడియం కట్టుకుంది, 2025లో తెరిచారు. పోటీలో ఓడిపోయిన ఊరు ఆ కసిలో చేసే రెండో ఖర్చును కూడా ఇదే జల్లెడతో చూడాలి.

"ఫ్రిస్కో చూడండి, టీమ్ వచ్చాక ఎలా పెరిగిందో" అనే వాదన మనవాళ్ల దగ్గర తప్పకుండా వస్తుంది, డాలస్ వైపు చుట్టాలు లేని తెలుగిల్లు ఎక్కడుంది గనక. ఫ్రిస్కో జనాభా 1990లో 6 వేల చిల్లర. 2000 నాటికి 33 వేలు దాటింది. రఫ్‌రైడర్స్ టీమ్ వచ్చింది 2003లో. అంటే అయిదింతలు పెరిగాకే టీమ్ వచ్చింది. 2020లో 2 లక్షలు దాటడానికి టోల్‌వే, స్కూళ్లు, పక్కన ప్లేనోలోని ఆఫీసులు చాలు. జనం పెరిగే చోటికి టీమ్ వెళ్తుంది, అది వ్యాపారం. మీ ఊళ్లో జనాభా పదేళ్లుగా కదలకపోతే టీమ్ వచ్చి కదిలిస్తుందనుకోవద్దు.

ఇంతా చదివి టీమ్ వద్దే వద్దంటున్నానని అనుకోకండి. సాయంత్రం పూట తక్కువ ఖర్చులో పిల్లలతో బయట కూర్చునే చోటు ఉండటం మంచిదే, దానికి ఊరు కొంత పెట్టినా తప్పు లేదు, పార్కుకు పెట్టడం లేదూ. ఆ మాట అలాగే చెప్పి, ఏటా ఒక్కో ఇంటికి ఇంత పడుతుందని లెక్క చూపించి అడగమనండి. రెండు ఊళ్లూ కలిసి ఖర్చు పంచుకునే ఒప్పందం కుదురుతుందేమో కూడా అడగండి, ఓనర్లకు నచ్చని ప్రశ్న ఇదే. ఇంకోటి, టీమ్ వెళ్లిపోతే స్టేడియం దేనికి పనికొస్తుందో డిజైన్‌లోనే ఉండాలి. డాలస్ దగ్గరి గ్రాండ్ ప్రైరీలో 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియం, టీమ్ మూతపడ్డాక క్రికెట్ గ్రౌండ్‌గా మారింది, 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో కొట్టింది అక్కడే. అలాంటి అదృష్టం ప్రతి ఊరికీ పట్టదు, కానీ దారి వదిలిపెట్టడం మన చేతుల్లో ఉంది.

చివరిగా కౌన్సిల్ మీటింగ్ సంగతి. ఓటు హక్కు లేకపోయినా, హెచ్1బీ అయినా, ఆ ఊళ్లో ఉంటే మామూలుగా పబ్లిక్ కామెంట్‌లో (జనం మాట్లాడటానికి కేటాయించే టైమ్‌లో) మాట్లాడనిస్తారు. టైమ్ రెండు మూడు నిమిషాలే. బేస్‌బాల్ చరిత్ర చెప్పకండి, ఒక్క ప్రశ్న పట్టుకెళ్లండి, లీజు డ్రాఫ్ట్‌లో ఫలానా పేజీ అని నంబర్‌తో సహా. డ్రాఫ్ట్ ఇవ్వకపోతే రాష్ట్ర సమాచార హక్కు చట్టం కింద మెయిల్ పెట్టండి, ఓటింగ్ తేదీకి చాలా ముందే పెట్టండి, ఎందుకంటే జవాబుకు వాళ్లు వారాలు తీసుకుంటారు. మాట్లాడినదే కాగితం మీద రాసి క్లర్క్‌కు కూడా ఇవ్వండి, అప్పుడది రికార్డులోకి వెళ్తుంది.