ఫౌంటెన్స్ అబ్బేలో సన్యాసులు వెళ్లిపోయాక జరిగిన కథ చూడాలంటే

మొదటిసారి వెళ్లినప్పుడు, ఇంగ్లండ్‌లోని పాత క్రైస్తవ మఠం ఫౌంటెన్స్ అబ్బే శిథిలాల్లో గంటసేపు తిరిగి, ఫొటోలు తీసుకుని లీడ్స్‌కి తిరిగొచ్చేశాను. రెండోసారి నాన్నతో వెళ్లాను. ఆయన ముప్పై ఏళ్లు తాపీమేస్త్రీగా చేసినవారు. ఆ రోజు ఆయన చూపించిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మఠం 1132లో మొదలైందన్న సంగతి అక్కడ బోర్డులే చెబుతాయి. మీరు 1539 నుంచి మొదలుపెట్టండి. ఆ ఏడాది నవంబరు 26న, దేశంలో మఠాలన్నీ మూయిస్తున్న రాజు ఎనిమిదో హెన్రీ మనుషులకు మఠాన్ని అప్పగించేశారు. మరుసటి ఏడాదే రిచర్డ్ గ్రెషమ్ అనే లండన్ వ్యాపారి దాన్ని కొన్నాడు.

అందరిలా నేరుగా చర్చిలోకి పోకుండా ముందు ఫౌంటెన్స్ హాల్ దగ్గరికి వెళ్లండి. 1600 ప్రాంతంలో స్టీఫెన్ ప్రాక్టర్ కట్టించుకున్న పెద్ద భవంతి అది. దాని రాళ్లలో కొన్ని అబ్బే నుంచి తెచ్చినవే. "చెక్కి పెట్టిన రాయి పక్కనే దొరుకుతుంటే క్వారీకి ఎవరు పోతారమ్మా?" అన్నారు నాన్న. ఇది చూశాక అబ్బేలోకి వెళితే, లేని గోడలు ఎటు పోయాయో మీకే తట్టడం మొదలవుతుంది. దారిలో పాత పిండిమర కూడా ఉంది. సన్యాసులు వెళ్లిపోయాక కూడా దాంతో పని ఉంది కాబట్టి ఎవరూ కూల్చలేదు.

ఎక్కువ సమయం మాత్రం పడమటి వైపున్న సెల్లారియంకే ఇవ్వండి. దాదాపు 90 మీటర్ల పొడవున్న గిడ్డంగి అది, మధ్యలో స్తంభాల వరుస, పైన రాతి కమానుల కప్పు. లోపల పూర్తిగా చూశాక బయటికొచ్చి పై అంతస్తు చూడండి. మఠంలో పనిచేసే బ్రదర్లు పడుకున్న చోటది. ఇప్పుడు గోడలున్నాయి గానీ కప్పు లేదు. నాన్న ఇక్కడే ఆగిపోయారు. "కింద రాతి కప్పు, పైన చెక్క కప్పు. మీద పరిచిన సీసం ఒలిచేస్తే చెక్క ఎన్నాళ్లుంటుంది?" అన్నారు. నిజంగా జరిగింది అదే. మఠాలు మూతపడగానే ముందు అమ్ముడుపోయింది సీసమే. తర్వాత పని వాన చేసింది. మీరూ ప్రతి గది దగ్గరా ఇదే అడగండి: దీని కప్పు దేంతో వేశారు? సగం చరిత్ర ఆ జవాబులోనే దొరుకుతుంది. సాయంత్రమైతే పడమటి ఎండ లోపలికి పడి కమానులు ఇంకా బాగా కనిపిస్తాయి.

చర్చిలో నేలను కూడా గమనించండి. అంత శుభ్రమైన పచ్చిక శిథిలంలో దానంతటది పెరగదు. 1767లో అబ్బేను కొన్న విలియం ఐస్లబీ రాళ్లగుట్టలు తీయించి, దాన్ని తన తోటకు అందంగా మార్చాడు. విలియం గిల్పిన్ అనే రచయిత అప్పట్లోనే ఆ పనిని గట్టిగా విమర్శించాడు. నా మనసు గిల్పిన్ వైపే ఉంది. పడినవి పడినచోటే ఉండి ఉంటే ఇవాళ మనకు ఎన్నో తెలిసేవి.

తర్వాత స్కెల్ ఏటి వెంట తూర్పుగా తోటలోకి నడవండి. నీటి కొలనుల తోట విలియం తండ్రి జాన్‌ది. సౌత్ సీ కంపెనీ షేర్ల కుంభకోణంలో 1721లో పార్లమెంటు నుంచి వెళ్లగొట్టాక ఆయన బతుకంతా ఇక్కడే గడిచింది. పైదారిలో సర్‌ప్రైజ్ వ్యూ అనే చోటు దాకా ఎక్కి, అక్కడ వెనక్కి తిరిగి చూడండి. లోయ చివర అబ్బే మొత్తం ఒక బొమ్మలా నిలబడి ఉంటుంది. తూర్పు గోడ మనకు ఎదురుగా ఉంటుంది కాబట్టి ఇక్కడికి మాత్రం పొద్దున రావడం మంచిది. రెండూ కావాలంటే రోజంతా పెట్టుకోండి.

1983 నుంచి ఇదంతా పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది, 1986లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ రోజు సర్‌ప్రైజ్ వ్యూ దగ్గర నాన్న బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి, "ఆ పిండిమర ఇంకోసారి చూసి పోదాం పద" అన్నారు.