హీలింగ్ స్పిరిట్ లొల్లి ఎట్ల తెగింది

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలాడే టేబుల్ ఆట ఐదో ఎడిషన్‌లో ఒకే స్పెల్‌కు (మంత్రానికి) ఇద్దరి పుస్తకాల్లో రెండు రూల్స్ కనిపిస్తే, ముందు క్రెడిట్స్ పేజీ అడుగున అంకెల వరుస చూడాలి. అందులో అన్నిటికన్నా చిన్న అంకె ఆ కాపీ ఎన్నో ముద్రణో చెప్తది; పాత ముద్రణలో పాత రూలే ఉంటది.

మా టేబుల్ మీద తకరారు హీలింగ్ స్పిరిట్ అనే గాయాలు మాన్పే స్పెల్ దగ్గర. పాత రూల్‌లో, తన వంతులో ఆ స్పిరిట్ ఉన్న చోటుకు వచ్చిన ప్రతివాళ్లకూ ఒక ఆరు ముఖాల పాచికంత హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం) తిరిగొస్తాయి. స్పెల్ ఒక నిమిషం నిలుస్తది, అంటే 10 రౌండ్లు. ఐదుగురు వరుసగా తిరిగితే 50 పాచికలు, అదీ ఒక్కసారి స్పెల్ వేయడానికి ఖర్చయ్యే రెండో లెవెల్ స్లాట్‌కు! 2020 ఎర్రాటా (ప్రచురణకర్తల సవరణల జాబితా) దీనికి కళ్లెం వేసింది: స్పెల్‌కాస్టింగ్ మాడిఫయర్‌కు (స్పెల్ వేసే పాత్ర సామర్థ్యపు అంకెకు) 1 కలిపితే ఎంతో అన్నిసార్లే, కనీసం రెండుసార్లు. మాడిఫయర్ +3 అయితే మొత్తం 4 పాచికలు.

పాత కాపీ పారేయక్కర్లేదు. ఎర్రాటా పీడీఎఫ్‌లో మారిన పేరా వరకే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపులో 80 శాతం సైజులో ప్రింట్ తీయించి, గ్లూ స్టిక్‌తో ఒక అంచే అంటించాం. కింద పాత రూల్ కూడా చదవొచ్చు. ఫెవికాల్ తడికి పేజీ ముడతలు పడతది. సెల్లోటేప్ అసలే వద్దు, మన మే ఎండలకు జిగురు కారి పేజీలు అతుక్కుంటాయి. చీటీ మూలకు ఎర్రాటా సంవత్సరం రాయాలి. క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) దిద్దడం మాత్రం అందరూ మరిచిపోతారు.

రూల్స్ సందేహాలకు ప్రచురణకర్తలు ఇచ్చే సేజ్ అడ్వైస్ జవాబులు వేరు: అవి ఉన్న రూల్‌ను విడమరుస్తాయి, మార్చవు. డిజైనర్ల ట్వీట్లు అధికారికం కావు, వాటికి చీటీ దండగ.