అడ్మిషన్ల సీజన్ ముందు బ్యాక్ బటన్ జాగ్రత్తలు

మొన్న రాత్రి పదకొండింటికి క్లయింట్ ఫోన్ చేశాడు. "సార్, ఒక పేరెంట్‌కి ఫీజు రెండుసార్లు కట్ అయిందంట. పొద్దున్నే ఆఫీసుకొచ్చి కూర్చుంటానంటున్నాడు." ఆ అడ్మిషన్ ఫారం చేసింది మేమే. లాగ్స్ (సర్వర్ రాసుకునే చిట్టా) తీసి చూస్తే కథంతా అందులోనే ఉంది. ఆయన సాయంత్రం ఏడింటికి వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కి ఫారం తెరిచాడు. నాలుగో స్టెప్ దాకా వెళ్లాడు. ఫోటో, మార్కుల మెమో అప్‌లోడ్ చేశాడు. పిల్లాడి పేరులో స్పెల్లింగ్ తప్పు కనిపించి, సరిచేద్దామని అందరిలాగే బ్యాక్ కొట్టాడు. మూడో స్టెప్‌కి రావాల్సినవాడు వాట్సాప్‌లోకి వచ్చి పడ్డాడు. మళ్లీ మొదటి నుంచి నింపాడు. మళ్లీ అదే జరిగింది. మూడోసారి ఎలాగో పేమెంట్ దాకా వెళ్లాడు. అక్కడ స్పిన్నర్ తిరుగుతూనే ఉంటే భయపడి బ్యాక్ కొట్టి, ఇంకోసారి 'పే' నొక్కాడు.

స్టెప్పులు ఐదు. వెబ్ అడ్రస్ (యూఆర్ఎల్) మాత్రం ఒక్కటే. తప్పు ఆయనది కాదు, నాది.

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్, డిగ్రీ అడ్మిషన్లు, స్కూల్ ఫీజులు అన్నీ ఒకేసారి మీద పడే రోజులు వస్తున్నాయి. ఇలాంటి ఫారాలు చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బ్యాకప్ తీసుకోండి, లోడ్ టెస్ట్ చేయండి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

అసలు తప్పు ఇదీ

తెర మార్చి అడ్రస్ మార్చకపోవడం. నేను చూసిన బ్యాక్ బటన్ గొడవల్లో చాలావాటికి మూలం ఇదే.

బ్రౌజర్‌కి మన స్టెప్పులు తెలియవు. ఏ ట్యాబ్‌లో ఏయే అడ్రస్‌ల మీదుగా వచ్చారో ఒక జాబితా రాసుకుంటుంది, అంతే. బ్యాక్ కొడితే ఆ జాబితాలో ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది. మనం జావాస్క్రిప్ట్‌తో ఒక డబ్బా దాచి ఇంకో డబ్బా చూపిస్తే యూజర్ కంటికి అది కొత్త పేజీ. బ్రౌజర్ జాబితాలో మాత్రం ఏమీ మారలేదు. యూజర్ నాలుగు అడుగులు వేశాననుకుంటాడు, బ్రౌజర్ ఒక్కటే లెక్కపెట్టింది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. పేజీ మొత్తం లోడ్ చేయకుండా సర్వర్ నుంచి డేటా తెచ్చుకునే పద్ధతికి అజాక్స్ అనే పేరు 2005లో వచ్చింది, ఈ తలనొప్పీ దానితోపాటే పెరిగింది. అప్పట్లో అడ్రస్ చివర హ్యాష్ (#) తగిలించడం, కనపడని ఐఫ్రేమ్ (పేజీ లోపల ఇంకో పేజీ) పెట్టి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని మోసం చేయడం లాంటి నానా తంటాలు పడేవాళ్లు. తర్వాత హెచ్‌టీఎంఎల్ 5తో పుష్‌స్టేట్ (ఆ జాబితాలో కొత్త ఎంట్రీ చేర్చేది), రీప్లేస్‌స్టేట్ (ఉన్న ఎంట్రీనే మార్చేది) వచ్చాయి. 2011లో ఫైర్‌ఫాక్స్ 4లో, 2012లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో కూడా చేరిపోయాయి. అంటే పదేళ్లకు పైగా మందు చేతిలోనే ఉంది. మనమే వేసుకోవడం లేదు.

"మేం రియాక్ట్ వాడుతున్నాం, రౌటర్ ఉంది" అంటారు. రియాక్ట్ తెరలు గీసే లైబ్రరీ, రౌటర్ అడ్రస్‌ని బట్టి తెర మార్చేది. నేనూ అదే అనుకున్నాను. రౌటర్ ఉంది, కానీ స్టెప్ నంబర్‌ని యూజ్‌స్టేట్‌లో, అంటే అడ్రస్‌తో సంబంధం లేని లోపలి మెమరీలో దాచాను. అక్కడున్నదాని సంగతి రౌటర్‌కి ఏం తెలుస్తుంది?

దీని వెనకే రెండో తప్పు వస్తుంది. ఫిర్యాదులు రాగానే బ్యాక్‌ని ఆపేయాలని చూస్తారు. పైన ఎర్ర అక్షరాలతో "దయచేసి బ్యాక్ బటన్ నొక్కవద్దు" అని రాస్తారు. లేదా పేజీ తెరవగానే నాలుగు దొంగ ఎంట్రీలు పుష్ చేసి, బ్యాక్ కొట్టిన ప్రతిసారీ ముందుకి తోస్తారు. ఇప్పుడు ఆ కిటుకు పనిచేయదు కూడా. యూజర్ ఎక్కడా తాకకుండా కోడ్ చేర్చిన ఎంట్రీలను క్రోమ్ బ్యాక్ కొట్టినప్పుడు దాటేసి వెళ్లిపోతుంది. ఇక పేజీ వదిలి వెళ్లేముందు అడిగే బిఫోర్‌అన్‌లోడ్ హెచ్చరిక సంగతి. క్రోమ్ 51 నుంచి అందులో మీ సొంత మాట కనిపించదు, బ్రౌజర్ తన మాటే చూపిస్తుంది. మొబైల్‌లో దాన్ని నమ్ముకోవడానికే లేదు. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి తెర అంచు నుంచి వేలితో తోసినా బ్యాకే. అడ్డంగా సాగే ఫీజుల టేబుల్‌ని జరపబోయి పొరపాటున బ్యాక్ కొట్టేవాళ్లు ఎంతమందో. దేన్ని ఆపుతారు, బొటనవేలినా?

పుష్ ఎక్కడ, రీప్లేస్ ఎక్కడ

తెర మారితే అడ్రస్ మారాలి అన్నాను కదా అని ప్రతిదానికీ పుష్ చేయకండి. నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇక్కడ బ్యాక్ కొడితే యూజర్ ఎక్కడికి వెళ్తాననుకుంటాడు? మూడో స్టెప్ నుంచి నాలుగుకి వెళ్లడం ఒక అడుగు, అక్కడ పుష్. కాలేజీల జాబితాలో బ్రాంచ్ మార్చడం, ధరల వరస తిప్పడం అడుగులు కావు, అక్కడ రీప్లేస్. అడ్రస్ అప్పుడూ మారుతుంది, జాబితా మాత్రం పెరగదు.

ఒకచోట సెర్చ్ డబ్బాలో ప్రతి అక్షరానికీ పుష్ పెట్టారు. విజయవాడ అని ఇంగ్లీషులో కొడితే పది అక్షరాలు. జాబితా నుంచి బయటపడాలంటే పది బ్యాకులు. మొదటి బ్యాక్‌కి విజయవాడలో చివరి అక్షరం పోతుంది, రెండోదానికి ఇంకోటి. అది వాడుతున్న కుర్రాడు ఫోన్ నాకు చూపించి "సార్, హ్యాంగ్ అయింది" అన్నాడు. హ్యాంగ్ ఏమీ కాలేదు, చెప్పిన పని చెప్పినట్టే చేస్తోంది. సఫారీ అయితే కొద్ది సెకన్లలో వంద పుష్‌లు దాటితే ఎర్రరే ఇస్తుంది.

పుష్‌స్టేట్ పిలిస్తే పాప్‌స్టేట్ (జాబితాలో కదిలామని బ్రౌజర్ ఇచ్చే కబురు) మోగదు. బ్యాక్, ఫార్వర్డ్ కొట్టినప్పుడే మోగుతుంది. ఇది తెలియక తెర గీసే కోడ్‌ని క్లిక్‌లో ఒకటి, పాప్‌స్టేట్‌లో ఇంకోటి రాస్తారు. నెల తిరిగేసరికి రెండూ రెండు దారులు పడతాయి. అడ్రస్ చదివి తెర గీసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. పేజీ మొదట లోడైనప్పుడు, క్లిక్ చేసినప్పుడు, పాప్‌స్టేట్ వచ్చినప్పుడు దాన్నే పిలవండి.

అడ్రస్ మార్చి డేటా వదిలేస్తే సగం పనే అయినట్టు. ప్రతి స్టెప్ చివర డ్రాఫ్ట్‌ని సర్వర్‌కి పంపండి. ఫోటోని ఎంచుకున్న క్షణంలోనే అప్‌లోడ్ చేసేయండి, స్టెప్ మళ్లీ గీసేటప్పటికి ఆ ఫైల్ డబ్బా ఖాళీగా ఉంటుంది. ఎవరైనా నాలుగో స్టెప్ లింక్‌ని నేరుగా తెరిస్తే, ఇంకా నింపని స్టెప్పుల్లో మొదటిదానికి పంపండి. పుష్‌తో కాదు, రీప్లేస్‌తో. పుష్‌తో పంపితే బ్యాక్ కొట్టినప్పుడు మళ్లీ నాలుగుకి, అక్కడి నుంచి మళ్లీ ఆ నింపని స్టెప్‌కి. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాడు.

డబ్బుల దగ్గర

ఇక్కడ బ్రౌజర్‌ని నమ్మొద్దు. బటన్ డిసేబుల్ చేశాం కదా అనుకోవద్దు. ఒక దరఖాస్తుకి, ఒక ఫీజుకి ఒకే ఆర్డర్ నంబర్. 'పే' రెండోసారి నొక్కితే సర్వర్ కొత్త ఆర్డర్ తయారు చేయకూడదు. పాతది ఏమైందో ముందు పేమెంట్ గేట్‌వేని (డబ్బు కట్టించుకునే సర్వీసుని) అడగాలి. పూర్తయి ఉంటే రసీదు చూపించాలి, ఇంకా నడుస్తుంటే "మీ చెల్లింపు నడుస్తోంది, మళ్లీ కట్టకండి" అని చెప్పాలి. మా దగ్గర ఈ చెక్ లేదు. నొక్కిన ప్రతిసారీ కొత్త నంబర్ పుట్టింది.

ఫారం పోస్ట్ చేశాక పేజీని అక్కడే గీయకండి, 303 (వేరే పేజీకి వెళ్లమని బ్రౌజర్‌కి చెప్పే జవాబు)తో రసీదు పేజీకి పంపండి. లేకపోతే రిఫ్రెష్ కొట్టినప్పుడు "ఫారం మళ్లీ పంపాలా" అని బ్రౌజర్ అడుగుతుంది, జనం సరే అంటారు.

గేట్‌వే నుంచి బ్యాక్ కొట్టి వచ్చినవాడికి మీ పేజీ కొత్తగా లోడ్ కాకపోవచ్చు. బ్రౌజర్ దాన్ని వెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే మెమరీలో అట్టేపెట్టి, అలాగే తిరిగి చూపిస్తుంది. దీన్నే బీఎఫ్‌క్యాష్ అంటారు. క్రోమ్‌లో ఆండ్రాయిడ్‌కి 2020లో, డెస్క్‌టాప్‌కి 2021లో వచ్చింది. అంటే మీరు పెట్టిన స్పిన్నర్ అక్కడ తిరుగుతూనే ఉంటుంది, బటన్ బూడిద రంగులోనే ఉంటుంది. మీ లోడ్ కోడ్ నడవదు. పేజీ తెర మీదకి వచ్చిన ప్రతిసారీ మోగే పేజ్‌షో ఈవెంట్ పట్టుకోండి. అందులో పర్సిస్టెడ్ (పేజీ బీఎఫ్‌క్యాష్ నుంచి వచ్చిందనే గుర్తు) నిజమైతే స్పిన్నర్ తీసేసి, చెల్లింపు ఏమైందో సర్వర్‌ని అడగండి. ఫైర్‌ఫాక్స్ ఇంకో అడుగు ముందుకేసి, రీలోడ్ చేసినా బటన్ డిసేబుల్‌గానే గుర్తుపెట్టుకుంటుంది. అలా గుర్తుపెట్టుకోకుండా ఆ బటన్‌కి ఆటోకంప్లీట్ ఆఫ్ పెట్టండి.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను, ఎక్కడ ఏది వస్తుందో చూసుకోండి.

నెట్ సెంటర్ సిస్టమ్‌లో ఒకరు లాగౌట్ అయి లేస్తే వెనక వచ్చినవాడు బ్యాక్ కొట్టి మార్కులు, ఫోన్ నంబర్ చూడకూడదు. ఇక్కడా పేజ్‌షోలో సెషన్ చెక్ చేయాలి, సెషన్ లేకపోతే తెర ఖాళీ చేయాలి. పేజీని దాచుకోవద్దని చెప్పే నో-స్టోర్ హెడర్ పెట్టండి కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

అన్‌లోడ్ హ్యాండ్లర్లు (పేజీ వదిలి వెళ్లేటప్పుడు నడిచే కోడ్) తీసేయండి. వాటి బదులు పేజ్‌హైడ్ ఈవెంట్ వాడండి.

పేజీకీ, దాని జేసన్‌కీ (సర్వర్ పంపే ముడి డేటాకీ) ఒకే అడ్రస్ పెట్టకండి. వేరే సైట్‌కి వెళ్లి బ్యాక్ కొట్టినప్పుడు క్రోమ్ క్యాష్‌లోంచి ఆ జేసన్‌నే తీసి ముఖాన కొడుతుంది. తెరంతా కర్లీ బ్రాకెట్లు. యూజర్ హ్యాక్ అయిందనుకుంటాడు. జేసన్‌కి వేరే అడ్రస్ ఇవ్వండి, కుదరకపోతే ఏ రిక్వెస్ట్‌కి ఏ జవాబో క్యాష్‌కి చెప్పే వేరీ హెడర్ పెట్టండి.

అడ్రస్‌లో ఆధార్ నంబర్, ఓటీపీ, పుట్టిన తేదీ పెట్టొద్దు. హిస్టరీలో ఉండిపోతాయి, సర్వర్ లాగ్స్‌లోకీ వెళ్తాయి.

ఐఫ్రేమ్ సోర్స్ మార్చిన ప్రతిసారీ జాబితాలో ఒక ఎంట్రీ పడుతుంది. మ్యాప్ మూడుసార్లు మార్చారా, మూడు బ్యాకులు ఏమీ కదలవు. లోపల లొకేషన్ రీప్లేస్ వాడండి.

పాపప్ తెర నిండా ఉంటే అది కూడా తెర మారినట్టే. బ్యాక్ కొడితే పాపప్ మూయాలి, పేజీ పోకూడదు. తెరిచేటప్పుడు పుష్ చేయండి. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కినా హిస్టరీ బ్యాక్‌తోనే మూయండి, లేకపోతే ఒక దొంగ ఎంట్రీ మిగిలిపోతుంది.

ఉత్త హ్యాష్‌తో లింకులు రాయకండి. అది బటన్ అయితే బటనే రాయండి.

బ్యాక్ కొట్టాక పాత అజాక్స్ జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త తెరని చెరిపేస్తుంది. తెర మారగానే ఆ పాత రిక్వెస్ట్‌ని అబార్ట్ (రద్దు) చేయండి.

కాలేజీల జాబితాలో నూట యాభయ్యోది తెరిచి బ్యాక్ కొట్టినవాడిని మళ్లీ మొదటి కాలేజీ దగ్గర నిలబెట్టకండి. పేజీ నంబర్ రీప్లేస్‌తో అడ్రస్‌లో ఉంచండి. జాబితా గీయడం అయ్యాకే స్క్రోల్ చేయండి. స్క్రోల్ రిస్టొరేషన్‌ని (పాత చోటికి బ్రౌజరే స్క్రోల్ చేసే ఏర్పాటుని) మాన్యువల్ చేసి వదిలేయడం వద్దు, చేస్తే ఆ పని మొత్తం మీదే.

ప్రతి స్టెప్‌కీ టైటిల్ మార్చండి. బ్యాక్‌ని నొక్కి పట్టుకుంటే వచ్చే జాబితాలో ఐదుసార్లు "అప్లికేషన్ ఫారం" అని కనిపిస్తే ఏది ఎంచుకుంటారు?

నాలుగో స్టెప్‌లో రిఫ్రెష్ కొట్టి చూడండి. 404 (పేజీ దొరకలేదు) వస్తే వెబ్ సర్వర్ ఇంజినెక్స్‌లో ట్రై ఫైల్స్ లైన్ మర్చిపోయారు.

"టైం లేదు, ఈ సీజన్‌కి నోటీసు పెట్టేద్దాం" అని క్లయింట్ అంటే ఒప్పుకోకండి. నేను ఒప్పుకున్నాను.

ల్యాప్‌టాప్ మీద టెస్ట్ చేసి అయిందనకండి. మనం రాసిన ఫారంలో మనం బ్యాక్ కొట్టం, కింద మనమే పెట్టిన "వెనక్కి" బటన్ నొక్కుతాం. రిలీజ్‌కి ముందు రోజు లింక్‌ని వాట్సాప్‌లో పంపించుకుని, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరవండి. నాలుగో స్టెప్ దాకా నిజంగా నింపండి, ఫోటోతో సహా. అప్పుడు అంచు నుంచి వేలితో తోయండి. మూడో స్టెప్, నింపింది నింపినట్టు కనిపించాలి. వాట్సాప్‌లో పడ్డారా, రిలీజ్ ఆపేయండి.