ముందు తినేవాళ్ల లెక్క తేల్చండి

మాది మల్కాజిగిరి. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతాడు. ఇద్దరు ఆడపిల్లల పెండ్లిళ్లు చేశాం. పెద్దదాని పెండ్లి 2016లో. చేతిలో ఉన్నదంతా పెట్టి, చాలక మిత్తికి తెచ్చాం. ఆ బాకీ తీరడానికి నాలుగేళ్లు పట్టింది. చిన్నదాని పెండ్లి 2024 శ్రావణంలో అయింది, ఒక్కరి దగ్గర కూడా చేయి చాపలేదు. అలాగని పిల్లకు బంగారం తగ్గించలేదు, వచ్చినవాళ్లకు అన్నం తగ్గించలేదు. ఎంతమంది తింటారన్న లెక్క ముందే తేల్చుకున్నాం, అంతే.

పెద్దదానప్పుడు కేటరింగ్ అబ్బాయి ఇంటికొచ్చి "ఎంతమంది వస్తరు?" అనడిగితే మా ఆయన "ఓ ఆరు వందలు రాసుకో తమ్మీ" అన్నాడు. లెక్కేసి చెప్పింది కాదు, తక్కువ చెబితే చులకనైపోతామని. తిన్నది 410 మంది. ఒప్పందం ఆరు వందలకు కాబట్టి ఎవరూ ముట్టని 190 ప్లేట్లకు, ప్లేటు 180 చొప్పున 34,200 కట్టాం. డబ్బు పోయింది సరే, రాత్రి పదకొండింటికి గంగాళాల నిండా చల్లారిన అన్నం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ వేళలో దాన్ని ఎవరికని పంచుతాం?

అందుకే చిన్నదాని సంబంధం ఖాయమైన మర్నాడే రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొన్నాను. ఒక్కో ఇంటికి రెండు గీతలు వదిలి, ఇంటి పెద్ద పేరు, పిలవాల్సింది ఎందరిని, నిజంగా వచ్చేది ఎందరు అని రాశాను. ఈ మూడో గడి దగ్గర మొహమాటం పనికిరాదు. ఆటో స్టాండు వాళ్లు పిలిస్తే అందరూ వస్తారు. నా దగ్గర కుట్టించుకునే ఆడవాళ్లు ఇంటికొకరు వస్తారు. కాలనీలో సగం. ఆలేరు పక్కన మా ఊరి వాళ్లకు ఒక బస్సు మాట్లాడాం, సీట్లెన్నో మనుషులంతే, ఆ లెక్క తప్పదు. మగపెళ్లివారిని కూడా అడగాలి, ముందే, మర్యాదగా. "వదినా, మీ వైపు నుంచి ఎందరొస్తరో చెప్తే ఎవ్వరికీ లోటు రాకుండ చూసుకుంటం" అన్నాను. ఆవిడ రెండు రోజులు అడిగి తెలుసుకుని 120 అని చెప్పింది, అదీ బుక్కులో రాసుకున్నాను. నా బుక్కులో పిలవాల్సిన పేర్లు 530 ఉంటే, మూడో గడి కూడితే 340 వచ్చింది. పెండ్లినాడు తిన్నది 346.

ముహూర్తం విషయంలో అయ్యగారితో కూర్చుని మాట్లాడండి, ఆయన ఒక్క తేదీ రాసిస్తే తలూపి రావద్దు. 2024 ఏప్రిల్ ఆఖరులో మొదలైన మూఢం, తర్వాత ఆషాఢం కలిసి ఆగస్టు దాకా ముహూర్తాలు లేవు. దాంతో అంతకుముందు పెట్టుకున్నవాళ్లంతా ఒకే తేదీల మీద పడ్డారు, హాళ్ల రేట్లు ఎక్కడికో పోయాయి. మేం ఆగి శ్రావణంలో గురువారం పొద్దున పదిన్నర దాటాక ఉన్న లగ్నం పెట్టించాం. ఆదివారం 80,000 అన్న హాలు గురువారానికి 45,000కు ఇచ్చారు. పగటి ముహూర్తమైతే ఒక్క భోజనంతో పోతుంది. రాత్రి లగ్గానికి రాత్రి భోజనం, తెల్లారి టిఫిను, పడుకునే గదులు, అన్నీ తోడవుతాయి. పైగా శ్రావణంలో చాలామంది మాంసం ముట్టరు. బగారన్నం, పప్పు, వంకాయ కూర, సాంబారు, పెరుగు, ఒక స్వీటు పెడితే ఎవరూ ముఖం చిట్లించలేదు.

హాలుకు బయానా ఇచ్చేముందు, అద్దెలో కలవనివి ఏంటో కాగితం మీద రాయించుకోండి. కరెంటు మీటరు లెక్కా, జనరేటరు గంటకెంత, క్లీనింగ్‌కు ఎంత, బయటి డెకరేషన్ వాళ్లను రానిస్తారా, వస్తే వాళ్ల దగ్గర ఏమైనా వసూలు చేస్తారా, తాళం ఎన్నింటికిచ్చి ఎన్నింటికి తీసుకుంటారు. తాళం తీసుకున్న నిమిషమే మా తమ్ముడు మీటరు రీడింగ్ ఫోన్లో ఫొటో తీశాడు, తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకోటి తీశాడు. మేనేజరు 400 యూనిట్లు అంటే, మావాడు రెండు ఫొటోలు చూపించాడు. తేడా 260. ఆయన మారుమాట లేకుండా దిద్దుకున్నాడు.

వంట మాకు కేటరింగ్‌లో ప్లేటు 350 చెప్పారు. మేం వంటాయన్ను కూలికి మాట్లాడుకుని సరుకులు మేమే తెచ్చాం. అన్నీ కలిపి ప్లేటుకు 190 దాటలేదు. అయితే దీనికి ఇంట్లో నమ్మకమైన మనిషి ఒకరు వంటశాల దగ్గరే ఉండాలి, లేకపోతే కేటరింగే నయం. సరుకుల చిట్టా ఇద్దరు వంటవాళ్ల దగ్గర రాయించాను. ఒకాయన నూనె మూడు డబ్బాలు రాస్తే ఇంకొకాయన ఐదు రాశాడు. ఎందుకని గట్టిగా అడిగేసరికి ఐదు నాలుగైంది. బేగంబజారులో కొన్నప్పుడు, మూత తీయని డబ్బాలు తిరిగి తీసుకోవాలని దుకాణాయనతో ముందే మాట అనుకున్నాం. అలా ఒక డబ్బా వెనక్కిచ్చాం. ఇంకో సంగతి. స్వీటూ కూరలూ 350 మందికి సరిపడా ఒకేసారి చేయించాను, అన్నం మాత్రం రెండు దఫాలు. మొదటి బంతి కూర్చున్నాక జనాన్ని చూసి రెండో దఫాకు ఎసరు పెట్టించాం. అన్నం ముప్పావు గంటలో దిగుతుంది, కూర అలా దిగదు. చివరికి మిగిలింది ఒక చిన్న గిన్నెడు. హాలు ఊడ్చినవాళ్లు వేడివేడిగా తిన్నారు.

పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లవారుజామునే పోవాలి. శ్రావణ శుక్రవారాలకు ముందు ధరలు మండుతాయి కాబట్టి, ముందురోజు సాయంత్రం దాకా ఆగకుండా బుధవారం పొద్దున్నే బంతిపూలు కిలోల్లో తెచ్చాం. మా గల్లీ ఆడవాళ్లంతా మా ఇంట్లో చాప మీద కూర్చుని దండలు గుచ్చారు. డెకరేషన్ ఆయనకు స్టేజీ వెనక గుడ్డ, లైట్ల పని మాత్రం ఇచ్చాం.

చీరలు ఆషాఢం తగ్గింపులో జనరల్ బజారులో కొన్నాం. చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలన్నీ ఒకే చోట, ఒకే రకం తీసుకుంటే బేరం బాగా కుదురుతుంది, పైగా వాళ్లకు మంచిది నాకు మామూలుదా అన్న మాట రాదు. కార్డులు ఛత్తా బజారులో వందే వేయించాం. బొట్టుపెట్టి పిలవాల్సిన పెద్దలకు అవి, మిగతావాళ్లకు వాట్సాప్‌లో పంపి, ఫోన్ చేసి పిలిచాం.

పుస్తెమట్టెలు, గొలుసు ఎక్కడ కొన్నా రసీదు తీసుకోండి. బంగారం మీద జీఎస్టీ 3 శాతం ఉంటుంది. అది మిగులుతుందని రసీదు లేకుండా ఉత్త కాగితం చిట్టీ మీద కొంటే రేపు మాట్లాడే హక్కు ఉండదు. నగ మీద బంగారం స్వచ్ఛత చెప్పే హాల్‌మార్కు గుర్తు, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి, కొట్టులోనే చూసుకోండి. బేరం తరుగు, మజూరీ దగ్గర ఆడాలి. 2024 జూలై బడ్జెట్‌లో బంగారం మీద కస్టమ్స్ సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గడంతో ఆ వారం రేటు దిగింది, మాకు కలిసొచ్చింది. అదృష్టమే, దాన్ని నమ్ముకుని ఆగమని చెప్పను.

ఆడపిల్ల పెండ్లికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే కళ్యాణలక్ష్మి సాయం గురించి ఒక మాట. పెద్దదానికి 51,000, చిన్నదానికి 1,00,116 వచ్చాయి. పిల్లకు 18 నిండాలి, ఇంటి ఏడాది ఆదాయం రెండు లక్షలు దాటకూడదు, చెక్కు తల్లి పేరున వస్తుంది. ఆ డబ్బు పెండ్లి తర్వాత ఎప్పుడో వస్తుంది కాబట్టి ఖర్చు లెక్కలో దాన్ని వేసుకోవద్దు, దాన్ని చూపించి అప్పు అసలే తేవద్దు. కుల, ఆదాయ సర్టిఫికెట్లు నెల ముందే మీసేవలో పెట్టండి. పిల్ల ఆధార్‌లోనూ, తల్లి ఆధార్‌లోనూ, బ్యాంకు పాసుబుక్కులోనూ పేర్లు ఒకేలా ఉన్నాయా చూడండి. పెద్దదానప్పుడు నా ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఒకలా ఉండి మూడుసార్లు తిరిగాను. చిన్నదానప్పుడు కార్డులు వేయించకముందే ఆ పని చేసుకొచ్చాను.