డిజిటల్ లైబ్రరీల్లో వెతకడం – 3: సెర్చ్ బాక్స్ వెనకాల ఏం జరుగుతోంది?

గత రెండు భాగాల్లో ఒక్కో డిజిటల్ లైబ్రరీ సైటుకి వెళ్లి అక్కడే వెతకడం చూశాం. అది చేతనయ్యాక ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే, ఇన్ని సైట్లూ విడివిడిగా తిరగాలా, అన్నింట్లో ఒకేసారి వెతికిపెట్టేది ఏదీ లేదా అని. ఉంది, ఒకటి కాదు చాలా ఉన్నాయి. కానీ చాలామంది అందులో ఓ నాలుగు మాటలు కొట్టి, వేలల్లో ఫలితాలు వచ్చేసరికి బెదిరిపోతారు, లేదా ఒక్కటీ రాకపోతే ఆ పుస్తకం ఎక్కడా లేదనుకుని మూసేస్తారు. రెండూ తొందరపాటే. మనం కొట్టిన మాటని అది ఎక్కడ వెతుకుతోందో తెలిస్తే సగం తలనొప్పి పోతుంది కాబట్టి ఈ భాగమంతా దాని మీదే.

ఈ టూల్స్ స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం వివరాలు ముందే పోగేసి పెట్టుకుంటుంది. ప్రతి లైబ్రరీ తన దగ్గరున్న ఒక్కో స్కాన్‌కీ పేరు, రచయిత, సంవత్సరం, భాష, విషయం ఇలా ఒక చీటీ లాంటిది రాసుకుంటుంది, దాన్నే మెటాడేటా అంటారు. ఆ చీటీలను వేరేవాళ్లు కాపీ చేసుకోవడానికి 2001లో ఓఏఐ-పీఎంహెచ్ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది, 2002లో దాని 2.0 వెర్షన్ వచ్చింది. జర్మనీలోని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న బేస్, మిచిగన్ విశ్వవిద్యాలయంలో మొదలై 2009లో ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సహకార సంస్థకి వెళ్లిన ఓఏఐస్టర్ ఇలాంటివే. ఇవి చకచకా జవాబిస్తాయి. చిక్కల్లా ఏమిటంటే చీటీ వీళ్ల దగ్గర, పుస్తకం ఇంకెక్కడో. మధ్యలో ఆ లైబ్రరీ తన అడ్రసు మార్చుకుంటే మీకు చచ్చిపోయిన లింకు చేతికొస్తుంది. అలాంటప్పుడు వదిలేయకండి, ఆ పేరునే కోట్స్‌లో పెట్టి అసలు లైబ్రరీ సైటులో వెతకండి, చాలాసార్లు కొత్త అడ్రసులో దొరుకుతుంది.

రెండో రకం తన దగ్గర ఏమీ దాచుకోదు. మీరు కొట్టిన మాటని అప్పటికప్పుడు పది చోట్లకి పంపి, వచ్చిన జవాబులు వరసగా చూపిస్తుంది. 1996లో మొదలైన కార్ల్స్‌రూహె వర్చువల్ కేటలాగ్ దీనికి మంచి ఉదాహరణ, ఏయే కేటలాగుల్లో వెతకాలో మీరే టిక్కులు పెట్టుకోవచ్చు. ఉత్సాహం కొద్దీ అన్నింటికీ టిక్కు పెడితే ఆగి ఆగి వస్తాయి, పైగా ఏదో ఒక కేటలాగు జవాబివ్వకుండా ఊరుకుంటుంది. జవాబు రాకపోవడం వేరు, పుస్తకం లేకపోవడం వేరు, ఈ తేడా గుర్తుంచుకోండి.

రెండు రకాల్లోనూ వెతుకులాట జరిగేది ప్రధానంగా ఆ చీటీలోనే, పుస్తకం లోపల కాదు. గూగుల్‌ని అడిగినట్టు పెద్ద ప్రశ్న రాస్తే ఇక్కడ పని జరగదు, చీటీ రాసిన మనిషి ఏ మాట వాడి ఉంటాడో ఆ మాటే కొట్టాలి.

ఒక పుస్తకాన్ని పట్టుకుని చూద్దాం. ఇంగ్లిష్‌లో వచ్చిన పాత తెలుగు వ్యాకరణాలు కావాలి అనుకోండి. తెలుగు అనే మాటని ఇప్పటి ఇంగ్లిష్ స్పెల్లింగుతో, పక్కన గ్రామర్ అని కొడతారు. ఏవో వస్తాయి, కానీ 1816లో మద్రాసులో అచ్చయిన ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం తప్పించుకుపోవచ్చు. ఎందుకంటే దాని పేరులో ఉన్నది 'టెలూగూ', అంటే టి-ఇ-ఎల్ తర్వాత రెండు ఓలు, జి, మళ్లీ రెండు ఓలు. అదే పేరులో ఇంకాస్త ముందుకెళితే 'జెంటూ' అని కూడా ఉంది, ఆ రోజుల్లో దొరలు మన భాషని అలాగే పిలిచేవారు. అంటే ఒక్క భాష కోసం కనీసం మూడు మాటలు వెతకాలి. మూడుసార్లు విడివిడిగా కొట్టక్కర్లేదు, మూడింటినీ ఒక బ్రాకెట్‌లో పెట్టి మాటల మధ్య పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో 'ఆర్' (OR) అని పెడితే చాలా టూల్స్ ఏది దొరికినా తెచ్చిపెడతాయి. గ్రామర్ అనే మాట మాత్రం బ్రాకెట్ బయట ఉంచండి, లేకపోతే తెలుగు అన్న ప్రతి చీటీ వచ్చి పడుతుంది.

దీనికన్నా నాకు నచ్చిన దారి ఇంకొకటుంది. మీకు కావాల్సిన లాంటి పుస్తకం ఏదో ఒకటి దొరగ్గానే దాని పూర్తి చీటీ తెరిచి 'సబ్జెక్ట్' అన్నచోట ఏం రాశారో చూడండి. లైబ్రరీ వాళ్లు అట్ట మీద స్పెల్లింగు ఎలా ఉన్నా విషయాన్ని మాత్రం ఒకే పద్ధతిలో రాస్తారు, 'తెలుగు లాంగ్వేజ్ – గ్రామర్' అని. దాని మీద నొక్కితే 'టెలూగూ'లూ 'జెంటూ'లూ కూడా కలిసి వచ్చేస్తాయి. రచయిత పేరు కూడా అంతే, అట్ట మీద ఎ.డి. క్యాంప్‌బెల్, చీటీలో 'క్యాంప్‌బెల్, అలెగ్జాండర్ డంకన్'. కాబట్టి ఎ.డి. లాంటి పొడి అక్షరాలతో కలిపి పేరుని కోట్స్‌లో పెట్టి వెతక్కండి, ఇంటిపేరు ఒక్కటీ 'ఆథర్' గడిలో వేస్తే చాలు.

ఇదంతా చీటీ శ్రద్ధగా రాసినప్పటి మాట. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడున్నాయి, వాటి చీటీలు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలీదు. పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేశారు, దీర్ఘాలూ వత్తులూ ఎవరిష్టం వాళ్లది, కొన్నిట్లో రచయిత గడిలో ఇంకేదో ఉంటుంది. ఇక్కడ పూర్తి మాట కొట్టడం దండగ, మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టండి, ఆ తర్వాత భాష ఫిల్టర్‌లో తెలుగు ఎంచుకోండి. ఇంకో సంగతి, ఈ స్కాన్ల లింకుల్లో 'డీఎల్ఐ.2015' అని కనిపిస్తుంది. అది పుస్తకం అచ్చయిన సంవత్సరం కాదు, కొందరు దాన్నే రాసేసుకుంటారు. ఏ సైటులోనైనా సరే సంవత్సరం కావాలంటే స్కాన్ తెరిచి లోపలి టైటిల్ పేజీ చూడాల్సిందే.

మరి పుస్తకం లోపలి మాటలు వెతకలేమా అంటే, కొన్నిచోట్ల వెతకొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మామూలు సెర్చ్ చీటీలనే చూస్తుంది, పక్కనే లోపలి టెక్స్ట్‌లో వెతికే ఆప్షన్ వేరేగా ఉంటుంది, దాన్ని మీరే ఎంచుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల లైబ్రరీలు కలిసి పెట్టుకున్న డిజిటల్ లైబ్రరీ హాతీట్రస్ట్‌లో కూడా కేటలాగ్ సెర్చ్ వేరు, ఫుల్ టెక్స్ట్ సెర్చ్ వేరు. కాపీరైట్ కారణంగా తెరవనివ్వని పుస్తకాల్లో సైతం మీ మాట ఏ పేజీల్లో ఉందో హాతీట్రస్ట్ చెబుతుంది, ఆ పేజీ నంబరు పట్టుకుని పుస్తకాన్ని ఇంకోచోట వెతుక్కోవచ్చు. అమెరికాలో తెరుచుకునే పుస్తకం మనకి తెరుచుకోకపోతే కంగారుపడకండి, దేశాన్ని బట్టి హక్కుల లెక్క మారుతుంది, మీ బ్రౌజర్ తప్పేం లేదు.

లోపలి టెక్స్ట్ అంటే యంత్రం బొమ్మని చూసి చదివింది, ఓసీఆర్. 1800కి ముందు అచ్చయిన ఇంగ్లిష్ పుస్తకాల్లో ఎస్ అక్షరం చాలాచోట్ల పొడుగ్గా ఉంటుంది, యంత్రం దాన్ని ఎఫ్ అనుకుంటుంది. అందుకే అలాంటి పుస్తకాల్లో ఎస్ ఉన్న మాట దొరక్కపోతే ఎఫ్ పెట్టి ఇంకోసారి కొట్టి చూడండి, తమాషాగా అనిపించినా పనిచేస్తుంది. పాత తెలుగు అచ్చుల్లో వత్తుల దగ్గర యంత్రం తడబడుతుంది కాబట్టి వత్తులు లేని మాట, వీలైతే ఎక్కడా ఎక్కువగా రాని ఊరి పేరో మనిషి పేరో ఎంచుకోండి.

ఈసారి హోమ్‌వర్క్: 1900కి ముందు అచ్చయిన ఏదో ఒక పుస్తకాన్ని బేస్‌లో, కార్ల్స్‌రూహె కేటలాగులో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. మూడుచోట్లా పేరు, రచయిత, సంవత్సరం ఎలా రాశారో ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి, ఏ మాట కొడితే దొరికిందో అది కూడా. నాలుగో భాగంలో ఆ కాగితంతోనే పని, ఒకే పుస్తకానికి నాలుగైదు స్కాన్లు వచ్చినప్పుడు పేజీలు పోనిది ఏదో డౌన్‌లోడ్ చేయకముందే ఎలా కనిపెట్టాలో చూద్దాం.