హైదరాబాద్‌లో వీధి కుక్కల మీద ఫిర్యాదు, తప్పిపోయిన కుక్క కోసం దరఖాస్తు

"కుక్కలు ఎక్కువయ్యాయి, పట్టుకెళ్లి ఎక్కడైనా వదిలేయండి" అని రాస్తే ఉపయోగం లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేబిస్ సోకినవి, సోకిందని అనుమానం ఉన్నవి, మీదపడి కరిచేవి మాత్రం తిరిగి వదలకూడదు. బడి, ఆస్పత్రి, బస్టాండ్, రైల్వే స్టేషన్ ఆవరణల్లో పట్టుకున్నవాటిని మళ్లీ అక్కడ వదలొద్దని నవంబరు 7న మరో ఆదేశం వచ్చింది. మీ వీధిలోవి ఇందులో ఏ రకమో చూసుకుని, దానికి తగ్గట్టు అడగండి.

ఫిర్యాదుకు ముందు కుక్కల చెవులు చూడండి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిపోయినట్టే. ఆ గుర్తు లేనివాటిని లెక్కపెట్టి, ఫొటోలు తీసి పెట్టుకోండి. నగర పాలక సంస్థ అయిన జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కు ఫోన్ చేయొచ్చు, లేదా మై జీహెచ్ఎంసీ యాప్‌లో నమోదు చేయొచ్చు. ఫిర్యాదు నంబర్ తప్పకుండా రాసుకోండి. కాలనీ అంతటి సమస్య అయితే జీహెచ్ఎంసీ సర్కిల్ ఆఫీసులో కాగితం ఇచ్చి, రసీదు అడగండి. ఇలా రాస్తే చాలు:

"డిప్యూటీ కమిషనర్ గారికి, మా వీధిలో గుడి పక్కన చెవి గుర్తు లేని కుక్కలు ఆరు ఉన్నాయి. ఉదయం 6 నుంచి 8 దాకా అక్కడే ఉంటాయి. ఒకటి పాలిచ్చే తల్లి, దాన్ని ఇప్పుడు పట్టుకెళ్లొద్దు. మిగతావాటికి ఆపరేషన్, టీకా చేయించి ఇక్కడే వదలగలరని మనవి."

పాలిచ్చే తల్లి సంగతి మాత్రం మర్చిపోవద్దు. దాన్ని పట్టుకెళ్తే కూనలు ఆకలితో చచ్చిపోతాయి. కుక్కలను పట్టే బండి వచ్చే వేళకు, రోజూ అన్నం పెట్టే మనిషి దగ్గరుంటే కుక్కలు బెదరకుండా దొరుకుతాయి.

ఎవరినైనా కరిస్తే ఫిర్యాదు సంగతి తర్వాత. ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో టీకా వేస్తారు.

పెంపుడు కుక్క తప్పిపోతే చాలామంది వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టి ఊరుకుంటారు. దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరి మా కుక్క పారిపోయినప్పుడు మేమూ అదే చేశాం. మూడు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మెడలో పట్టీ ఉంది గానీ, దాని మీద ఫోన్ నంబర్ లేదు. చివరికి రెండు వీధుల అవతల ఒక వాచ్‌మన్ దగ్గర దొరికింది.

అందుకే మొదటి రోజే కాల్ సెంటర్‌కు కుక్క రంగు, గుర్తులు, తప్పిపోయిన చోటు చెప్పండి. వీధి కుక్కలతో పాటు దాన్నీ బండిలో ఎక్కించి ఉండొచ్చు. మీ ప్రాంతం కుక్కలను ఏ కేంద్రానికి తీసుకెళ్తారో అడిగి, మీరే వెళ్లి చూడండి. ఫొటో, టీకాల పుస్తకం, జీహెచ్ఎంసీ లైసెన్స్ దగ్గర పెట్టుకోండి. లైసెన్స్ ఉంటే కుక్క మీదేనని వాదించాల్సిన పని ఉండదు. ఎవరో ఎత్తుకెళ్లారనిపిస్తే పోలీస్ స్టేషన్‌లో దొంగతనం ఫిర్యాదు ఇవ్వండి.