కారం మిల్లుకు 35 శాతం సబ్సిడీ: దరఖాస్తు ఆగిపోయేది ఎక్కడంటే

మిర్చి యార్డులో ధర పడిపోయిన ప్రతిసారీ గుంటూరు, పల్నాడు ఊళ్లలో ఒక మాట వినపడుతుంది. కాయగా అమ్మే బదులు కారం పట్టించి అమ్ముకుంటే నయం కదా అని. నయమే. అందుకు కేంద్ర పథకం ఒకటి ఉంది. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం పెట్టింది. పేరు పొడుగు కాబట్టి అందరూ పీఎంఎఫ్‌ఎంఈ అనే అంటారు. 2020 జూన్‌లో ఐదేళ్ల కోసం మొదలైంది, తర్వాత 2025-26 దాకా పొడిగించారు. అందుకని అన్నిటికంటే ముందు పోర్టల్ తెరిచి కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీరే చూసుకోండి. "గడువు ఉంది, నేను పెట్టిస్తా" అన్న మాట నమ్మి ఎవరికీ డబ్బు కట్టొద్దు.

కారం మిల్లు అనే కాదు, పసుపు పొడి, వేరుశనగ నూనె గానుగ, పచ్చళ్లు, మామిడి తాండ్ర, చిరుధాన్యాల పిండి, అన్నీ దీని కిందికే వస్తాయి. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, ఎంత పెద్ద యూనిట్ అయినా 10 లక్షలకు మించదు. కనీసం 10 శాతం మీరు పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు లోను. అంటే 10 లక్షల మిల్లుకు లక్ష మీది, 9 లక్షలు లోను, సబ్సిడీ మూడున్నర లక్షలు. 18 ఏళ్లు నిండినవాళ్లెవరైనా పెట్టుకోవచ్చు కానీ భార్యాభర్తలు, పిల్లలు కలిపి ఒక కుటుంబానికి ఒక్కరికే. భూమి కొన్న ఖర్చు లెక్కలోకి రాదు. షెడ్డు లాంటి సివిల్ పనులు ప్రాజెక్టు ఖర్చులో 30 శాతం దాటకూడదు.

ఆన్‌లైన్ పని పెద్దదేం కాదు. మొబైల్ నంబరుతో పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫొటో, షెడ్డు కాగితాలు, మెషిన్ కొటేషన్ సిద్ధంగా ఉంటే ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత జిల్లా కమిటీ చూస్తుంది, అక్కడి నుంచి బ్యాంకుకు వెళుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, పూర్తిగా ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు కట్టి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి మళ్లీ చెబుతున్నా, ఒక్క రూపాయి ఫీజు లేదు.

ఇంత సులువైతే తిరిగొచ్చే ఫైళ్లు ఎందుకన్ని ఉంటాయి? బ్యాంకు దగ్గర ఆగుతాయి. అక్కడ ఆపేది ప్రాజెక్టు రిపోర్టు, అంటే మిల్లు ఖర్చూ రాబడీ లెక్కలతో బ్యాంకుకు చూపించే కాగితం.

మా వైపు ఒక జంట పాతిక వేలిచ్చి రిపోర్టు రాయించుకున్నారు. అట్ట మీద కారం మిల్లు అని ఉంది. లోపల ఒక పేజీలో ముడిసరుకు చింతపండు అని ఉంది. ఎవరిదో పాత రిపోర్టులో పేర్లు మార్చి ఇచ్చాడు. మేనేజరు ఆ ఒక్క పేజీ చూసి ఫైలు పక్కన పెట్టేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం.

నిజానికి ఈ రిపోర్టు రాయడానికి సాయం చేసే మనిషిని పథకమే పెట్టింది. జిల్లా రిసోర్స్ పర్సన్ అంటారు, అందరూ డీఆర్‌పీ అని పిలుస్తారు. మీ లోను మంజూరైతే ఆయనకు పథకం నుంచే డబ్బు వస్తుంది. మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు. పోర్టల్‌లో జిల్లావారీగా పేర్లు ఉంటాయి, ఫోన్ చేయండి.

ఆయన రాసినా లెక్కలు మాత్రం మీ నోట్లో ఉండాలి. మేనేజరు అడిగేవి మెషిన్ గురించి కాదు. కాయ ఏ నెలలో కొంటారు, ఎక్కడ పెడతారు, తొడిమ, తాలు, తేమ పోను ఎంత పొడి దిగుతుంది, ఎవరు కొంటారు అని అడుగుతాడు. ఎక్కువ రిపోర్టులు ఇక్కడే తేలిపోతాయి. పల్వరైజరు (పొడి కొట్టే మెషిన్), ప్యాకింగ్ మెషిన్ ధరలు రూపాయితో సహా ఉంటాయి, కాయ డబ్బు మాత్రం ఉండదు. మిర్చి కల్లాల నుంచి వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఏడాదంతా మిల్లు ఆడాలంటే సరిపడా టిక్కీలు (మిర్చి బస్తాలు) అప్పుడే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. దాని అద్దె కూడా ఖర్చే. సొంత పంట ఉన్నా ఆ కాయకూ ఒక ధర వేసి చూపించాలి. కాయకూ అద్దెకూ కావాల్సిన ఈ డబ్బును, అంటే వర్కింగ్ క్యాపిటల్‌ను, రిపోర్టులో విడిగా రాసి, విడిగా అడగండి. లేకపోతే మెషిన్ వస్తుంది, ఆగస్టుకల్లా ఆడించడానికి కాయ ఉండదు.

కొటేషన్ మీ పేరు మీద, జీఎస్టీ నంబరుతో, మోడల్, గంటకు ఎన్ని కిలోలు ఆడుతుందో రాసి ఉండాలి. ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర తీసుకుంటే అసలు ధర తెలుస్తుంది. "సబ్సిడీ వస్తుందిగా, రేటు కాస్త పెంచి రాద్దాం" అనే డీలర్ దగ్గర లేచి వచ్చేయండి. పెంచిన రేటు మీద వడ్డీ కట్టేది మీరే. లోను మంజూరు కాకముందు అడ్వాన్సు అసలే ఇవ్వొద్దు.

ఇంకొకటి కరెంటు. పొలంలో బోరు మోటారుకు ఇచ్చిన కనెక్షన్ మీద మిల్లు ఆడించడం కుదరదు. పరిశ్రమ కేటగిరీలో వేరే కనెక్షన్ కావాలి. షెడ్డు మామగారి పేరు మీదో అన్నగారి పేరు మీదో ఉంటే మాట సరిపోదు, లీజు కాగితం రాయించుకోండి.

సిబిల్, అంటే మీ పాత అప్పులు ఎలా కట్టారో చూపించే రిపోర్టు, దాని గురించి చాలామందికి టెన్షన్. ముందే ఒకసారి తీసి చూసుకుంటే సగం పోతుంది. మాఫీ అయిపోయిందనుకున్న పాత పంట రుణం అందులో ఇంకా బాకీగా కనపడుతుండొచ్చు. అలా ఉంటే ఆ బ్యాంకు నుంచి బాకీ లేదన్న కాగితం తెచ్చుకుని, సిబిల్‌లో సరిచేయించాకే ఫైలు పెట్టండి. పాత బాకీ సరిచేయించుకుని లోను తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

లోను వచ్చాక సబ్సిడీ మూడున్నర లక్షలు చేతికి రాలేదని గాభరా పడొద్దు. ఆ డబ్బు బ్యాంకులోనే మీ పేరు మీద విడి ఖాతాలో ఉంటుంది, అంత మొత్తం మీద లోను వడ్డీ వేయకూడదు. వేశారేమో స్టేట్‌మెంటు చూసి అడగండి. లోను చివరి విడత ఇచ్చిన మూడేళ్ల తర్వాత, కంతులు సరిగ్గా కడుతూ మిల్లు నడుస్తుంటే అది లోనులో జమ అవుతుంది. ఈలోగా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ), జీఎస్టీ పనులు అయ్యాయా అని డీఆర్‌పీ ఫోన్ చేస్తుంటారు. ఆయన డబ్బులో రెండో సగం అవి అయ్యాకే వస్తుంది కాబట్టి మీరు మర్చిపోయినా ఆయన మర్చిపోరు.